సైలెన్సరు: అతికించాలా, మార్చాలా?

ద్విచక్ర వాహనాల మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరితే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్కూటరు సైలెన్సరు చుట్టూనే తిరిగాయి. అందుకని ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం. పుస్తకాలు మఫ్లర్ అని పిలిచే వెనకటి డబ్బానూ, ఇంజను నుంచి ఆ డబ్బా దాకా వచ్చే వంపు గొట్టాన్నీ కలిపి అందరూ సైలెన్సరనే అంటారు కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను. రెండింటినీ విడదీసి చెప్పవలసిన చోట మాత్రం మొదటిదాన్ని డబ్బా అనీ, రెండోదాన్ని బెండు పైపు అనీ అంటాను.

ప్రశ్న: నా స్కూటరు కొని ఏడేళ్లయింది. నెల రోజులుగా చప్పుడు బాగా పెరిగింది. వంగి చూస్తే సైలెన్సరు అడుగున శనగగింజంత చిల్లు కనిపించింది. ఒక మెకానిక్కు వెల్డింగు చేయిస్తే సరిపోతుందన్నాడు, ఇంకొకతను మొత్తం మార్చాల్సిందే అన్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజమో తేల్చేది చిల్లు ఎంత ఉందన్నది కాదు, దాని చుట్టూ ఉన్న రేకు ఎలా ఉందన్నది. సైలెన్సరు పైనుంచి లోపలికి తుప్పు పడుతుందని చాలామంది అనుకుంటారు. వాన, బురద పైభాగాన్ని పాడుచేసే మాట నిజమే గాని, డబ్బాను అసలు తినేసేది లోపలి నీరు. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది, అదంతా ఆవిరిగా సైలెన్సరు గుండానే బయటికి పోవాలి. ఎక్కువ దూరం నడిపితే డబ్బా బాగా వేడెక్కి ఆవిరి ఆవిరిగానే వెళ్లిపోతుంది. పాలకో కూరగాయలకో రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో మాత్రం డబ్బా వేడెక్కకముందే ప్రయాణం అయిపోతుంది, ఆవిరి చల్లబడి నీరై అడుగున చేరుతుంది. పొగలోని ఆమ్లగుణం ఆ నీటిలో కలిసి, రాత్రంతా రేకును తింటూ కూర్చుంటుంది. కాబట్టి తక్కువ తిరిగిన బండి సైలెన్సరే ముందు పోవడం ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. మీకు కనిపించిన శనగగింజంత చిల్లు ఏడేళ్లుగా లోపల జరుగుతున్న పనికి పైకి తేలిన ఆనవాలు.

ఇప్పుడు మీరే చేసి చూడగల పరీక్ష ఒకటి చెబుతాను. ఇంజను పూర్తిగా చల్లారాక స్క్రూడ్రైవరు పిడితో డబ్బాను పైనుంచి అడుగు దాకా వరసగా తట్టండి. గట్టి రేకు కణకణమంటుంది, లోపల తినేసిన చోట తడిసిన అట్టను తట్టినట్టు చప్పగా వినిపిస్తుంది. తరువాత చిల్లు చుట్టూ, అడుగు అతుకు వెంబడి స్క్రూడ్రైవరు కొనతో ఓ మాదిరిగా నొక్కండి. చిల్లుకు రెండు మూడు వేళ్ల వెడల్పు దూరంలో రేకు గట్టిగా నిలబడితే మొదటి మెకానిక్కు మాట వినవచ్చు. ఆ మేరకు కోసేసి, అదే మందం గల కొత్త రేకు ముక్క వేసి అతికిస్తే కొన్నేళ్లు నడుస్తుంది. నొక్కిన చోటల్లా కొన దిగబడితే రెండో మెకానిక్కు మాటే సరైనది. అలాంటి రేకు మీద వెల్డింగు చేస్తే ఒక చిల్లు మూసేలోపు పక్కన రెండు చిల్లులు పడతాయి, చివరికి డబ్బా నిండా ముద్దలు మిగులుతాయి.

వెల్డింగుకే నిశ్చయించుకుంటే రెండు జాగ్రత్తలు మరవవద్దు. సైలెన్సరును బండి నుంచి పూర్తిగా విప్పి ఇవ్వండి. పెట్రోలు గొట్టాలూ వైర్లూ పక్కనుండగా బండి మీదే నిప్పురవ్వలు చిమ్మించడం ప్రమాదమే కాక, వెల్డింగు కరెంటు వల్ల ఎలక్ట్రానిక్ భాగాలు కూడా చెడిపోవచ్చు. రెండోది, ఈ రేకు పలుచన కాబట్టి మామూలు రాడ్డు వెల్డింగు చేయి తిరిగినవాడికి కూడా కష్టమే. గ్యాసు వెల్డింగో, తీగ వాడే మిగ్ వెల్డింగో చేసేవారిని వెతకండి. అతికే ముక్కగా జింకు పూత ఉన్న రేకు వాడనివ్వకండి. ఆ పూత కాలినప్పుడు వచ్చే పొగ పీల్చినవారికి గంటల్లో చలిజ్వరం వస్తుంది.

పగులు బెండు పైపు మీదో, బండికి డబ్బాను బిగించే పట్టీ దగ్గరో ఉంటే సంగతి వేరు. అది తుప్పు వల్ల వచ్చినది అయ్యే అవకాశం తక్కువ. ఎక్కడో ఒక బోల్టు వదులై, అదురుకు అలసి లోహం చిట్లి ఉంటుంది. దాన్ని నిస్సందేహంగా అతికించవచ్చు గాని, వదులైన బోల్టును పట్టించుకోకపోతే అతుకు పక్కనే మళ్లీ చిట్లుతుంది.

ప్రశ్న: వెనక చక్రం పంచరు వేయించుకున్న మర్నాటి నుంచి బండి టపటపమంటోంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు చిన్న పటాసులు పేలినట్టు శబ్దం వస్తోంది. సైలెన్సరుకు ఎక్కడా చిల్లు లేదు. పంచరుకూ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. చాలా స్కూటర్లలో సైలెన్సరు విప్పితే గాని వెనక చక్రం బయటికి రాదు. బెండు పైపు ఇంజను హెడ్డును, అంటే సిలిండరు మూతను, తాకే చోట ఉంగరంలాంటి ఒక గ్యాస్కెట్ ఉంటుంది, మెకానిక్కుల మాటలో ప్యాకింగు. నట్లు బిగించినప్పుడు అది నలిగి, రెండు ముఖాల మధ్య ఉన్న సందులన్నిటినీ నింపుతుంది. ఒకసారి నలిగినది మళ్లీ అదే పని చేయలేదు, కాబట్టి సైలెన్సరు విప్పిన ప్రతిసారీ దాన్ని కొత్తది వేయాలి. మీ బండికి పాతదే తిరిగి పెట్టి ఉంటారు, లేదా తీసేటప్పుడు అది జారి పడిపోయి ఉంటుంది. సైలెన్సరు మార్చాలని వచ్చే బళ్లలో కొన్నిటికి కావలసింది ఈ ఉంగరం ఒక్కటే.

పటాసుల చప్పుడుకు కారణం కూడా ఇదే. ఇంజను పొగను ఒకే ధారగా వదలదు, దెబ్బదెబ్బగా వదులుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 6000 సార్లు తిరుగుతుంటే సెకనుకు 50 దెబ్బలు పడతాయి. రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలికంటే తగ్గే క్షణాలు ఉంటాయి, అప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. యాక్సిలరేటరు వదిలినప్పుడు సరిగా కాలకుండా వచ్చిన పెట్రోలు ఆవిరి, ఆ గాలి తగలగానే పైపులోనే అంటుకుంటుంది.

నిర్ధారించుకోవాలంటే, తెల్లవారి మొదటిసారి స్టార్టు చేసిన వెంటనే, సైలెన్సరు ఇంకా చల్లగా ఉండగానే, మందపాటి తడిగుడ్డతో వెనక రంధ్రాన్ని రెండు మూడు సెకన్లు మూయండి. అంతా బిగువుగా ఉంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోబోతుంది. ఎక్కడైనా సందు ఉంటే అక్కడ బుస్సుమన్న శబ్దం వినిపిస్తుంది. హెడ్డు దగ్గర నల్లని మసి చారలు కనిపిస్తే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. ఈ పని ఆరుబయటే చేయండి. కారే పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన షెడ్డులో బండి ఆన్‌లో ఉంచి సందు ఎక్కడుందోనని వెతకడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

ప్రశ్న: కొత్త సైలెన్సరు కొన్నాను, నేనే బిగించుకుందామనుకుంటున్నాను. పాతదాని నట్లు తుప్పుపట్టి కదలడం లేదు. బలం పెడితే స్టడ్డు విరుగుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయమే మీకు రక్ష. ఈ మొత్తం వ్యవహారంలో డబ్బా మార్చడం సులువు, నట్టు ఎక్కే తలలేని బోల్టు, అంటే స్టడ్డు, హెడ్డులో విరిగితే దాన్ని తీయడం నరకం. కొత్త సైలెన్సరు బిగించడానికి అరగంట పడితే, విరిగిన స్టడ్డుకు ఒక రోజు పోతుంది. పని ఒకటి రెండు రోజుల ముందే మొదలుపెట్టండి. తీగల బ్రష్షుతో మర మీది తుప్పును రాల్చి, తుప్పు వదిలించే పలుచటి నూనెను పూటకొకసారి నట్టు మొదట్లో వేస్తూ ఉండండి. అది సన్నటి సందుల్లోకి ఇంకడానికి సమయం కావాలి.

విప్పేటప్పుడు ఆరు ముఖాలనూ పట్టే సాకెట్ వాడండి. రెండు ముఖాలను మాత్రమే పట్టే స్పానరు, తుప్పుపట్టిన నట్టు మూలలను అరగదీసి మరింత చిక్కు తెస్తుంది. ముందు ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, ఆపైన వదులు చేసే వైపు తిప్పండి. కదలిక వచ్చాక పావు చుట్టు వదులు చేసే వైపు, అరపావు బిగించే వైపు, మళ్లీ కొంచెం నూనె, అలా ఊరిస్తూ తీయండి. నట్టు కీచుమని గట్టిగా అరిస్తే అక్కడే ఆగి మళ్లీ బిగించే వైపు తిప్పండి, ఆ అరుపు తరువాత వచ్చేది పుటుక్కుమన్న శబ్దమే. అప్పటికీ కదలకపోతే వేడి చేయాలి. హెడ్డు అల్యూమినియం, స్టడ్డు ఉక్కు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి వేడెక్కిన హెడ్డులో స్టడ్డు పట్టు సడలుతుంది. అయితే అది మంటతో చేసే పని, వేసిన నూనె మండే గుణం గలది, పెట్రోలు దగ్గరలో ఉంటుంది. ఈ ఒక్క అంకాన్ని అలవాటున్నవారికి వదిలేయడం మంచిది. నట్టుతో పాటు స్టడ్డు కూడా ఊడి వస్తే కంగారుపడకండి. అది నష్టం కాదు, కొత్త స్టడ్డు వేసుకోవడానికి దొరికిన అవకాశం.

బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు వరస తప్పడం. వెనక పట్టీ బోల్టులను ముందే బిగదీసి, తరువాత బెండు పైపును హెడ్డుకు బలవంతంగా లాగి నట్లు వేస్తారు. అప్పుడు పైపు ఎప్పుడూ ఒక పక్కకు గుంజుతూ ఉంటుంది, గ్యాస్కెట్ ఒక అంచున నలిగి రెండో అంచున ఖాళీగా మిగులుతుంది, కొన్ని వారాలకు పట్టీ చిట్లుతుంది. హెడ్డు ముఖం మీద అంటుకున్న పాత గ్యాస్కెట్ ముక్కను పూర్తిగా గీకి తీసి, కొత్తది పెట్టి, అన్ని నట్లూ బోల్టులూ చేతి వేళ్లతో తిరిగినంత మేరకే వేయండి. డబ్బా తనంత తాను కుదురుకున్నాక హెడ్డు నట్లను ఒకటి విడిచి ఒకటి కొంచెం కొంచెంగా సమానంగా బిగించి, ఆఖరున వెనక బోల్టులకు రండి. ఎంత బిగువు ఉండాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, అంతకు మించి ఒక్క పావు చుట్టు కూడా వద్దు. మరలకు కాస్త రాగి గ్రీజు రాస్తే ఈసారి విప్పేవారు మిమ్మల్ని తలుచుకుంటారు. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు కొత్త డబ్బా మీది నూనె కాలి పొగ వస్తుంది, అది పది నిమిషాల్లో పోతుంది. ఒకటి రెండు రోజులు నడిపి, చల్లారాక నట్లను మరొకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: ఊరు దాటే పని ఉంది, వెల్డింగుకు సమయం లేదు. ఇంట్లో ఉన్న ఎపాక్సీ ముద్దతో చిల్లు మూస్తే నిలుస్తుందా?

జవాబు: నిలవదు. సాధారణ ఎపాక్సీ 150 డిగ్రీల లోపే మెత్తబడి, ఆపైన మాడి రాలిపోతుంది. సైలెన్సరు కోసమే తయారయ్యే పేస్టూ, చుట్టుకునే పట్టీ వేరే ఉంటాయి. అవి వేడికి గట్టిపడతాయి. రేకును మెరుపు వచ్చేదాకా రుద్ది పూయాలి, తుప్పు మీద పూస్తే ఆ తుప్పు పొరతో పాటే ఊడి చేతికొస్తుంది. అదీ దొరకకపోతే పలుచటి అల్యూమినియం డబ్బా రేకును కత్తిరించి, చిల్లు మీద రెండు వరసలు చుట్టి, రెండు పక్కలా స్టీలు క్లాంపులు వేసి బిగించండి. చూడటానికి కట్టుకట్టిన కాలులా ఉంటుంది గాని ఇల్లు చేరుస్తుంది. ఇవన్నీ వెనక డబ్బా మీది చిల్లులకే. హెడ్డుకు జానెడు దూరంలో ఉన్న బెండు పైపు మీద ఏ పేస్టూ వారం నిలవగా నేను చూడలేదు.

ప్రశ్న: డబ్బా అడుగున సూది దూరేంత గుండ్రని రంధ్రం ఉంది. పొద్దున్నే అందులోంచి నీటి చుక్కలు కారుతున్నాయి. వెల్డింగుతో మూయించాలా?

జవాబు: మూయించకండి. అంచులు శుభ్రంగా, గుండ్రంగా ఉంటే అది కంపెనీవారే పెట్టిన నీటి రంధ్రం. పైన చెప్పిన నీరు బయటికి పోవడానికి ఉన్న ఒకే దారి అది. మసి చేరి పూడిపోతే సన్నటి తీగతో పొడిచి తెరుస్తూ ఉండండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత రెండు స్ట్రోకుల స్కూటరును మళ్లీ రోడ్డెక్కించాను. స్టార్టవుతుంది గాని లాగదు, ఎంత తిప్పినా వేగం పెరగదు. సైలెన్సరు అడ్డుపడిందని, తీసేసి నడిపి చూడమని ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు: రోగం సరిగ్గానే చెప్పారు, మందే తప్పు. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిలు పెట్రోలుతో కలిసి కాలుతుంది. కాలని భాగం జిగటగా సైలెన్సరు గోడలకు పట్టి, ఏళ్ల తరబడి గట్టి బొగ్గుగా మారుతుంది. పొగ పోవలసిన దారి అలా ఇరుకైపోతే పాత పొగ సిలిండరులోనే మిగిలి, పెట్రోలూ గాలీ కలిసిన కొత్త మిశ్రమానికి చోటు దొరకదు. లాగకపోవడం, వెనక గొట్టం చివర నల్లటి జిగురు కారడం, ఎక్కువసేపు కిక్కు కొడితే గాని అందుకోకపోవడం దీని లక్షణాలు.

అలాగని సైలెన్సరు తీసి నడపకూడదు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పొగను ఆపడానికి వాల్వు ఉంటుంది. రెండు స్ట్రోకుల దానిలో పొగ దారి తెరిచి ఉండగానే కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది, అందులో కొంత కాలకుండానే బయటికి జారిపోతుంది. జారిన దాన్ని వెనక్కి నెట్టేది సైలెన్సరులోంచి తిరిగి వచ్చే ఒత్తిడి అల. ఈ సంగతిని వాల్టర్ కాడెన్ అనే తూర్పు జర్మనీ ఇంజనీరు 1950ల దశకంలో ఎంజెడ్ సంస్థ పందెపు బళ్ల మీద ఎంత దూరం తీసుకువెళ్లాడంటే, కేవలం గొట్టం ఆకారాన్ని మలచి చిన్న ఇంజనుల నుంచి అప్పటిదాకా ఎవరూ ఊహించని శక్తిని రాబట్టాడు. ఆ జట్టు రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో దేశం విడిచి సుజుకీలో చేరడంతో ఆ విద్య జపానుకు చేరింది, మరుసటి సంవత్సరమే అతను సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ పోటీ గెలిచాడు. మీ నాన్నగారి స్కూటరు డబ్బా పందెపు బండి గొట్టమంత పదునైనది కాదు, నిజమే. అయినా కార్బురేటరులో పెట్రోలు పాలును తేల్చే జెట్టు అనే సన్నటి రంధ్రాన్ని ఆ డబ్బాను లెక్కలోకి తీసుకునే నిర్ణయించి ఉంటారు. అది తీసేస్తే మిశ్రమం పలుచబడి, పిస్టను వేడెక్కి పట్టేసే ప్రమాదం ఉంది.

చేయవలసింది డబ్బాను శుభ్రం చేయించడం. పాత మెకానిక్కులు దాన్ని ఆరుబయట నిప్పుల్లో కాల్చి, బొగ్గు రాలేదాకా చెక్క సుత్తితో తట్టి తీసేవారు. పద్ధతి పని చేస్తుంది, కానీ దట్టమైన విషపు పొగ వస్తుంది, క్రోమియం పూత నీలంగా మాడుతుంది. కాస్టిక్ సోడా నీటిలో ఒక రోజు నానబెట్టడం రెండో పద్ధతి. సోడాను నీటిలో కొంచెం కొంచెంగా వేయాలి గాని సోడా మీద నీరు పోయకూడదు, చేతి తొడుగులూ కళ్లద్దాలూ లేకుండా దగ్గరికి పోకూడదు. అల్యూమినియం భాగం ఏదైనా అందులో పడితే దాన్ని తినేస్తూ మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువును వదులుతుంది. సిలిండరు పొగ రంధ్రం దగ్గర కూడా ఇదే బొగ్గు పేరుకుని ఉంటుంది, దాన్నీ తీయించండి. ఆ తరువాత ఆయిలు మోతాదు చూసుకోండి. మాన్యువల్ 2 శాతం అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఇంజనుకు మంచిదని రెట్టింపు పోసేవారి సైలెన్సర్లే ముందు పూడిపోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి కొత్త ఇంజెక్షన్ స్కూటరుకు గట్టిగా మోగే సైలెన్సరు వేయిస్తానంటున్నాడు. పికప్ పెరుగుతుందట, మైలేజీ కూడా పెరుగుతుందట. వేయించమంటారా?

జవాబు: వద్దంటాను. కార్బురేటరు బదులు సన్నటి నాజిల్‌తో పెట్రోలు చిమ్మే ఇప్పటి ఇంజెక్షన్ స్కూటర్ల సైలెన్సరులో తేనెపట్టులాంటి గదులున్న దిమ్మ ఒకటి ఉంటుంది. దాని పేరు కేటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పలేడియం, రోడియం వంటి లోహాల పూత వల్ల అది సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి అందుకున్నాక విషవాయువులను చాలా మేరకు హానిలేనివిగా మారుస్తుంది. దానికి ముందు, చాలా బళ్లలో, పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలిచే సెన్సరు ఉంటుంది. దాని లెక్కను బట్టే ఈసీయూ అనే చిన్న కంప్యూటరు పెట్రోలు పాళ్లను ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. అంగట్లో దొరికే మోత సైలెన్సర్లలో చాలావాటికి ఆ దిమ్మ ఉండదు, కొన్నిటికి సెన్సరు బిగించే మర కూడా ఉండదు. అతుకు దగ్గర సందు మిగిలితే బయటి గాలి దూరి, పెట్రోలు తక్కువైందని సెన్సరు పొరబడుతుంది. ఈసీయూ మరింత పెట్రోలు పోస్తుంది. పెరుగుతుందన్న మైలేజీ తగ్గుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. పికప్ విషయానికొస్తే, చిన్న నాలుగు స్ట్రోకుల ఇంజనులో డబ్బా ఒక్కటి మార్చినందువల్ల వచ్చే తేడా చెవికి తెలిసినంతగా చక్రానికి తెలియదు. మోత పెరిగితే వేగం పెరిగినట్టు అనిపించడం సహజం.

చెవుల సంగతి కూడా మీ అబ్బాయికి చెప్పండి. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల దాకా భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగానికి తగ్గి, 100 డెసిబెల్స్ వద్ద 15 నిమిషాలకు దిగుతుంది. ఆ మోతకు అందరికంటే దగ్గరగా కూర్చునేది నడిపేవాడే. చాలా దేశాల్లో కన్వర్టర్ తీసేయడం, అనుమతి లేని సైలెన్సరు వేయడం చట్టరీత్యా నేరం కూడా.

మీ బండి అసలు సైలెన్సరే పాడై మార్చవలసివస్తే, ఆ మోడలుకే తయారైన, కన్వర్టర్ ఉన్నదాన్నే తీసుకోండి. సెన్సరు ఉన్న బండిలో అతుకులకు మామూలు సిలికాన్ పేస్టు పూయనివ్వకండి, దాని ఆవిరి సెన్సరును పాడుచేస్తుంది.

ప్రశ్న: చిల్లు లేదు, చప్పుడూ పెరగలేదు, గుంతల్లో మాత్రం డబ్బాలోంచి గలగలమని వినిపిస్తోంది.

జవాబు: ముందు పైన ఉన్న వేడి కవచం స్క్రూలు చూడండి. అవి వదులైనా ఇదే చప్పుడు వస్తుంది, నిమిషంలో పోతుంది. అవి బిగువుగా ఉంటే, డబ్బా విప్పి చేతులతో ఊపండి. లోపలి అడ్డు రేకు ఊడిందో, కన్వర్టర్ దిమ్మ పగిలిందో తెలిసిపోతుంది. మొదటిదానికి డబ్బా కోసి అతికే నేర్పరులు ఉన్నారు. రెండోదానికి మార్చడం తప్ప దారి లేదు. పగిలిన ముక్కలు దారికి అడ్డంపడితే ఇంజను ఒక్కసారిగా నీరసిస్తుంది.

ప్రశ్న: మోకాలి లోతు నీటిలో బండి ఆగిపోయింది. సైలెన్సరు మునిగింది. ఎండలో రెండు రోజులు పెట్టాను. ఇక స్టార్టు చేయవచ్చా?

జవాబు: అప్పుడే వద్దు. ఇంజను ఆడుతున్నంతసేపు పొగ ఒత్తిడే నీటిని చాలావరకు బయట ఉంచుతుంది. ఆగిపోయిన మరుక్షణం నీరు వెనక గొట్టంలోంచి ఎక్కుతుంది. అది సిలిండరు దాకా చేరి ఉంటే, నీరు గాలిలా నలగదు కాబట్టి, సెల్ఫ్ కొట్టగానే పిస్టనును పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. సైలెన్సరు విప్పి, వెనక గొట్టం కిందికి ఉండేలా నిలబెట్టి నీరు వంచేయండి. ప్లగ్గు తీసి, దాని వైరును పక్కకు తప్పించి, నాలుగైదు కిక్కులు నెమ్మదిగా కొట్టి నీరు చిమ్ముతుందేమో చూడండి. ఎయిర్ ఫిల్టరు, ఇంజను ఆయిలు కూడా చూడాలి. ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంటే మార్చకుండా స్టార్టు చేయకండి. అన్నీ సరిగా ఉంటే, బిగించాక బండిని ఆపకుండా అరగంట నడిపి డబ్బాలో మిగిలిన తడిని ఆవిరి చేయండి.

ప్రశ్న: రేకు గట్టిగానే ఉంది, పైన మాత్రం ఎర్రగా తుప్పు పట్టింది. వెండి రంగు వేస్తే వారంలోనే పొక్కులు వచ్చాయి.

జవాబు: మీరు వేసింది మామూలు పెయింటు అయి ఉంటుంది. సైలెన్సరుకు 600 డిగ్రీల దాకా తట్టుకునేదని పెయింటు టిన్ను మీద రాసి ఉన్న సిలికాన్ పెయింటు కావాలి. సైలెన్సరు విప్పి, తుప్పునూ పాత రంగునూ తీగల బ్రష్షుతోనూ ఉప్పుకాగితంతోనూ పూర్తిగా తీసి, థిన్నరుతో జిడ్డు తుడిచి, పలుచగా రెండు మూడు పూతలు వేయండి. నీటి రంధ్రంలో రంగు చేరకుండా అగ్గిపుల్ల దూర్చి ఉంచండి. ఈ పెయింటు గాలికి ఆరినట్టు కనిపించినా వేడి తగిలితే గాని గట్టిపడదు. బిగించాక మొదట ఐదు నిమిషాలు ఇంజను ఆడించి చల్లారనివ్వండి, తరువాత పది నిమిషాలు, ఆ తరువాత ఇరవై నిమిషాలు. అంతవరకు దాని మీద గుడ్డ కూడా తగలనివ్వకండి.